పలకని తలుపు

ఆ ఉదయం పెద్దాయన పాల కోసం కిందికి దిగబోతుంటే అల్లుడు అడ్డం వచ్చాడు. అల్లుడు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాడు. ఇంట్లో కూడా అదే చెబుతాడు.

"మామయ్యగారూ, ఈ రోజు నుంచి మీరు గుమ్మంలో నిలబడి 'ఏమేవ్' అని పిలిస్తే తలుపు తీయం. 'అమ్మాయ్' అనండి, వెంటనే తీస్తాం."

"ఎందుకట?"

"అత్తయ్యగారు పోయి ఏడాది దాటింది. ఆ పిలుపు ఒట్టి అలవాటండీ. తలుపు కనబడగానే నోరు పిలుస్తుంది. ఇన్నేళ్లూ ఆవిడ పలికారు కాబట్టి బలపడింది. ఇప్పుడు మీ అమ్మాయి తలుపు తీస్తోంది కాబట్టి బతికుంది. ఏ ఫలితమూ లేకపోతే దానంతటదే పోతుంది. పావురానికైనా మనిషికైనా ఒకటే సూత్రం."

"మరి బాధ సంగతో?"

"లోపల ఏముందో ఎవరు చూశారండీ? కనబడేదే మనకు లెక్క."

కూతురు వంటింట్లో గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆమె మాట ఎత్తినవాళ్లు లేరు. ఆ ఒక్క పిలుపే మిగిలింది. అదీ పోతే అలాంటి మనిషి పుట్టనే లేదన్నట్టు అవుతుంది. కాని అల్లుడి ఇంట్లో ఉంటూ అల్లుడితో వాదించే ఓపిక పెద్దాయనకు లేదు. "అలాగే" అన్నాడు. మెట్లు దిగుతూ 'అమ్మాయ్, అమ్మాయ్' అని వల్లెవేసుకున్నాడు. ఎక్కుతూ కూడా వల్లెవేసుకున్నాడు. రెండు చేతుల్లో పాల ప్యాకెట్లతో తలుపు ముందు నిలబడ్డాడు.

"ఏమేవ్!"

తలుపు తెరుచుకోలేదు. మొదటిసారి అన్నది అలవాటు. రెండోసారి అన్నది పంతం. మిల్లులో యంత్రాల రొద మీద ఒక జీవితకాలం అరిచిన గొంతు అది. మెట్లన్నీ మోగాయి.

పై అంతస్తు టైలరు భార్య తన మొగుడే పిలిచాడనుకుని, ఇస్త్రీపెట్టె ప్యాంటు మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కింది అంతస్తు గుమాస్తా భార్య కొన్నాళ్లుగా మొగుడితో మాట్లాడడం లేదు. నిద్రమత్తులో "ఆఁ" అనేసింది. గుమాస్తా ఆనందం పట్టలేక మంచం దిగాడు. పిలిచింది తన మొగుడు కాదని తెలిసి ఆవిడ మళ్లీ మూతి బిగించింది.

గుమాస్తా మెట్లెక్కి వచ్చి చేతులు జోడించాడు. "పెద్దాయనా, మీకు పుణ్యముంటుంది, ఇంకొక్కసారి అనండి!"

ఈలోగా టైలరు కాలిన ప్యాంటుతో దిగాడు. "మా ఆవిణ్ణి పిలవడానికి నువ్వెవడివయ్యా? ఇది పెళ్లికొడుకు ప్యాంటు!"

"నేను పిలిచింది మీ ఆవిణ్ణి కాదు."

"మరెవర్ని?"

పెద్దాయన మళ్లీ తలుపు వైపు తిరిగాడు.

టైలరు ప్యాంటు తెచ్చాడు గాని ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపలేదు. బల్ల మీది బట్టలు అంటుకుని మెట్ల మీదికి పొగ దిగింది. ఎవరో "నిప్పు!" అన్నారు. ఎవరో బకెట్టు కుమ్మరిస్తే ఆ నీళ్లు గుమాస్తా మీద పడ్డాయి. టైలరు తలుపు బాదాడు.

"మాస్టారూ, నీళ్లు! తలుపు తీయండి!"

లోపల అల్లుడి గొంతు సంబరంగా వినిపించింది. "తీయకు! మానే ముందు ఏ అలవాటైనా ఇలాగే పెచ్చుమీరుతుంది. ఇప్పుడు తీస్తే మొత్తం పాడు!"

"ఇల్లు తగలబడుతోందయ్యా!"

"చూశావా, ఎంత పెచ్చుమీరిందో!"

చివరికి టైలరు భార్యే వెనక్కి వెళ్లి తడి దుప్పటి కప్పి మంట ఆర్పింది. మెట్లు సద్దుమణిగాయి. తోపులాటలో ప్యాకెట్టు చిట్లి పాలు ఒక్కో మెట్టే దిగుతున్నాయి. పెద్దాయన తలుపుకు నుదురు ఆనించాడు. మూడోసారి పిలిచాడు. ఈసారి అది అలవాటూ కాదు, పంతమూ కాదు.

"ఏమేవ్..."

"ఆఁ, వస్తున్నానండీ! కాస్త ఆగండి, చేతులు తడిగా ఉన్నాయి."

అదే గొంతు. అదే చిరాకు. అవే మాటలు.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. తన నోటి నుంచి ఏమి వచ్చిందో తనకే అప్పుడు తెలిసినట్టు మోచేత్తో నోరు మూసుకుంది. "నాన్నా, అమ్మ..." అని భోరుమంది. తల్లి పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. గుమాస్తా నీళ్లోడుతూ తల దించుకున్నాడు. టైలరు ప్యాంటును వీపు వెనక దాచుకున్నాడు.

అల్లుడు తల పట్టుకున్నాడు. "పలికేశావు! ఇంక ఈయన జన్మలో మానడు!"

కాని మర్నాటి నుంచి పెద్దాయన పిలవలేదు. ఎదురుచూసిన జవాబు వచ్చింది. అది ఎవరి నోటి నుంచి వచ్చిందో చూశాడు. పిలవడానికి ఇక ఎవరూ లేరని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు పాలు తెచ్చి గంట నొక్కుతాడు. లోపల కూతురు కుళాయి కట్టేసి, ఒక్క క్షణం చెవి ఒగ్గి, అప్పుడు తలుపు తీస్తుంది.

అల్లుడు కాలేజీలో ఈ సంగతిని తన పద్ధతి సాధించిన విజయంగా చెబుతున్నాడు. కనబడినంత మేరకు అది నిజమే.