బాలమ్మ చిలుకల గలీబుల మహాసంగ్రామము

వినుడు, తీరికగల సభాసదులారా! సర్వధారి నామ సంవత్సర భాద్రపదమున, భారత యూనియన్ సైన్యములు నలుదిక్కుల నుండి నిజాం రాజ్యముపై విరుచుకుపడుచుండగా, ఆకాశమున విమానములును అంగడివీధుల పుకార్లును సమానవేగమున విహరించుచుండగా, సికింద్రాబాదు చెంత మౌలాలి రైల్వే క్వార్టర్లలో, సూచీధారిణి, సూత్రసంహారిణి, ఆరంభశూరాగ్రేసరి యగు బాలమ్మ తన ఇనుప సందుగ మూత మూయుటకై దానిపై ఎక్కి కూర్చుండెను. మూత పడలేదు.

ఆ సందుగలో నేమున్నవందురా? సగము కుట్టి వదలిన బొమ్మలు: ముక్కులేని హంస, కాళ్లులేని నెమలి, ‘గుడ్ నైట్’ అని మొదలై ‘గుడ్’ వద్దనే తెల్లవారిన దిండు గలీబు, మూడు మూలలు కుట్టి నాలుగవ మూలను విధికి వదలిన బల్లగుడ్డ. కొత్త బొమ్మ కంటబడిన తక్షణము పాతదానిని సందుగపాలు చేయుట ఆ వీరాంగన వ్రతము. రైల్వే గుమాస్తాయైన ఆమె భర్త సదాశివ, దాని నంతయు పాతగుడ్డలవానికి ఇచ్చివేయుదునని ప్రతి దీపావళికి భీషణ ప్రతిజ్ఞ చేయును. పిదప భోజనము చేసి నిద్రపోవును.

అట్టి వేళ పక్కింటి ఖాసింబీ గుమ్మమున నిలిచెను. ఎప్పుడును నవ్వుచుండు మనిషి మొహమున ఆనాడు నెత్తురు చుక్క లేదు.

“బాలమ్మా, లడాయి షురూ అయ్యింది. రేపేమైతదో ఎవరికెరుక? మా మెహరాజ్ నిఖా ఈ జుమ్మానాడే చేసి బిడ్డను అత్తగారింటికి తోలిస్తున్న. దుకాణాలన్నీ బంద్. దావత్ లేదు, కొత్తబట్టల్లేవు. నువ్వు రెండేండ్ల కింద మాటిచ్చినవ్ గద, చిలుకల గలీబులు... గవన్న బిడ్డ ఎంబడి పోతే చాలు.”

నిజము చెప్పుటకు అది మంచి సమయము. ఒక చిలుకకు తోక లేదు. రెండవ చిలుక ఇంకను పుట్టనే లేదు. కాని నిజము చెప్పిన వీరుని గాథ నెవరు పాడుదురు?

“తయారున్నయి అక్కా! ఇస్త్రీ ఒక్కటే బాకీ!” అని బాలమ్మ సింహనాదము చేసెను.

ఖాసింబీ కన్నీరు తుడుచుకొని వెడలెను. అప్పుడు బాలమ్మ తోకలేని చిలుకను సందుగనుండి బయటికి తీసెను. మెహరాజ్ తన ఒడిలో ఆడుకున్న పిల్ల. ఆ పిల్ల వట్టిచేతులతో అత్తింట అడుగుపెట్టుట ఆమె ఓర్వలేకపోయెను.

వెంటనే పాత బొమ్మకాగితమును కొత్త గలీబుపై పరచి, కార్బన్ పెట్టి, రెండవ చిలుకను దింపెను. అంతలో మహావిపత్తు! ఆకుపచ్చ దారము నిండుకొన్నది. సరిహద్దులు మూసినది మొదలు ఊరికి బొంబాయి దారము దిగుటయే లేదు.

“ఇగో, జెర ఆకుపచ్చ దారం ఏడన్న దొరుకుతదా?” అని భర్త నడిగెను.

రేడియోకు చెవి అంటించిన సదాశివ ఉలిక్కిపడెను. “పిచ్చి లేసిందా ఏందే? నల్దుర్గ్ కోట పోయిందంట!”

“కోట ముచ్చట నాకెందుకు? నేను తోక ముచ్చట అడుగుతున్న!”

అంతట ఆ రణచండిక కత్తెర ఝళిపించి, సందుగ తెరచి, ఆవేశకంపితకంఠయై పలికెను: “ఓ హంసా, ఓ నెమలీ! ఇన్నేండ్లు మిమ్ముల కడుపుల పెట్టి దాచుకున్న. ఇయ్యాల మెహరాజ్ కోసం మీ దారం నాకియ్యుండ్రి!”

పిదప జరిగినది చెప్పుటకు మాకు నోరు రాదు. హంస కొలను ఎండెను. నెమలి పింఛము రాలెను. బల్లగుడ్డ తీగలన్నియు నేలకొరిగెను. సందుగలోని అసంపూర్ణ కార్యములన్నియు ఒక్కసారిగా అనారంభ కార్యములయ్యెను. ఇంతటి పరిపాలనా దక్షత ఆ వారమున ఏ ప్రభుత్వమును చూపలేదు.

శుక్రవారము నమాజు వేళకు రెండు గలీబులును సిద్ధమయ్యెను. ఖాసింబీ ఇంట చాపపై వాటిని పక్కపక్కన పరచిన బాలమ్మ కొయ్యబారిపోయెను. జంట గలీబుల మీది చిలుకలు ఎదురెదురుగా చూడవలెను. అందుకై రెండవదానికి కాగితము తిరగేసి దింపవలెను. మన వీరాంగన తిరగవేయలేదు. రెండు చిలుకలును ఒక్క దిక్కునకే చూచుచున్నవి.

“ఆగమాగంల తప్పయ్యిందక్కా,” అనుచు బాలమ్మ తల దించుకొనెను.

ఖాసింబీ ఆ చిలుకలను వేలితో నిమిరెను. ఆ వారమున మొదటిసారి నవ్వెను.

“తప్పేంది బాలమ్మా? ఇద్దరూ ఒక్క దిక్కే జూస్తున్నరు. ఈ దినాలల్ల గంతకన్న ఏం గావాలె?”

పెండ్లికూతురు గలీబులను గుండెకు హత్తుకొని అత్తింటికి కదిలెను. బాలమ్మ గోడవైపు తిరిగి ఏడ్చెను.

ఆ సాయంత్రము నిజాం సేనలు లొంగిపోయినవని రేడియో ఘోషించెను. ఆ కబురు మోయుటకు లోకమంతయు సిద్ధముగా నున్నది. ఈ కబురు మోయువారే లేరు గనుక మేము దిక్కులు పిక్కటిల్ల చాటుచున్నాము: వినుడు, వినుడు, బాలమ్మ ఒక కుట్టుపని పూర్తి చేసెను!