మెట్ల మీద ఏడుపు

ఆ ఉదయం అల్లుడుగారు పెట్టుకున్న పని ఒక్కటే. భోజనాల వేళకల్లా ఒక రాజ్యం మొత్తాన్ని ఏడిపించాలి.

ఆయన వీడియో గేములు తయారుచేసే కంపెనీలో శబ్దాలు చేస్తాడు. తాళాల గుత్తి ఊపి కత్తియుద్ధం చేయించగలడు, తడి దుప్పటి దులిపి రాకాసి గద్దను ఎగిరించగలడు. కొత్త ఆటలో ముసలి రాజు చనిపోతాడు, ప్రజలు గొల్లుమంటారు. ఆ ప్రజలందరి తరఫునా ఆయనొక్కడే గొంతు మార్చి మార్చి ఏడ్చి వినిపిస్తే, మేనేజరు పెదవి విరిచాడు.

"రాజు పోయినట్టు లేదండీ, ఊరంతటికీ జలుబు చేసినట్టుంది. రేపు మధ్యాహ్నానికి సరైన ఏడుపు తేకపోతే పని బయటివాళ్ళకి ఇచ్చేస్తాం. మీ ఉద్యోగం పర్మనెంటు చేసే మాట కూడా ఇక మర్చిపోండి."

ఆ రేపు ఇవాళే. అందుకే అల్లుడుగారు కాఫీ తాగుతున్న అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, మీరూ, మీతో ప్రార్థనకొచ్చే స్నేహితురాళ్ళూ మా ఆఫీసుకొచ్చి కాస్త ఏడ్చిపెట్టాలి."

"ఎవరు పోయారు బాబూ?"

"ఒక రాజు. బొమ్మ రాజు."

"బొమ్మ పోతే ఏడుపేమిటి? పైన దేవుడు విని, నిజంగానే ఏదో అయిందనుకుని కంగారు పడడూ?"

"ఆయనకి తెలీదా, ఏది నిజమో?"

"తెలుసనే అనుకుంటాం. అయినా మన వైపు నుంచి ఓ మాట చెప్పి ఉంచడం మంచిది." ఆమె కళ్ళు మూసుకుని, ఈ పూట ఏడుపును లెక్కలోకి తీసుకోవద్దని దేవుడికి మనవి చేసుకుని, చెప్పులు వేసుకుంది.

ఆఫీసులో రికార్డింగు గది ఉంది. కానీ దాని గోడలకు మెత్తలు కొట్టారు, గొంతు మోగదు. రాజు పోయింది దర్బారులో కదా, మోగాలి. అల్లుడుగారు మెట్ల దారిలో చప్పట్లు కొట్టి చూశాడు. దర్బారు దిగివచ్చినట్టు మోగింది. ఆ మోత ప్రతి అంతస్తుకూ వెళుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు మరి.

సరిగ్గా అదే సమయానికి కింద షేర్ మార్కెట్ వార్తలు రాసే విలేకరి ఒకాయన ఛైర్మన్ కోసం కూర్చుని ఉన్నాడు. ఛైర్మన్ పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. ఆ ముక్క ఎవరికీ చెప్పవద్దని గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు. ఒకసారి ఆయన విలేకరుల ముందు తుమ్మితే కంపెనీ షేరు సాయంత్రానికి జారిపోయింది.

"ఛైర్మన్‌గారు ఎప్పుడొస్తారమ్మా?"

"ఆయన గురించి ఏమీ చెప్పకూడదండీ," అని రిసెప్షన్ అమ్మాయి తల దించుకుంది.

అప్పుడే మెట్ల మీద నుంచి అత్తగారి గొంతు లేచింది. తరువాత ఆమె స్నేహితురాళ్ళవి లేచాయి. విలేకరి నెమ్మదిగా లేచి నిలబడి, కళ్ళజోడు తీసి, ఫోను తీశాడు.

ఆయన రాసింది ఒక్కటే మాట: గేమ్ కంపెనీ ఆఫీసులో ఏడుపులు, ఛైర్మన్ విషయమై నోరు విప్పని సిబ్బంది. దాన్ని చూసి ఇంకొకరు ఛైర్మన్ పరిస్థితి విషమం అన్నారు. మూడోవారు ఎందుకొచ్చిన అనుమానమని నివాళి పెట్టేశారు. షేరు కాలు జారినట్టు పడింది.

పై అంతస్తులో బొమ్మలు గీసేవాళ్ళూ, ప్రోగ్రాములు రాసేవాళ్ళూ, లెక్కలు చూసేవాళ్ళూ ఫోన్లు చూసుకున్నారు. బోనసుల కింద వాళ్ళందరికీ ఆ షేర్లే ఇచ్చారు. ఏమైందో కనుక్కుందామని మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి, అక్కడ పెద్దవాళ్ళు గుండెలు బాదుకోవడం చూసి, ఇక అనుమానం లేదని వాళ్ళూ కూలబడి ఏడ్చారు.

హెడ్‌ఫోన్లలో అది విని అల్లుడుగారి మొహం వెలిగిపోయింది. "అదీ! ఇప్పుడొచ్చింది ఏడుపు. ఎవరూ ఆపకండి," అని వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి ఊపాడు.

అత్తగారు మాత్రం ఆపేసింది. పక్కన ఏడుస్తున్న పిల్ల వీపు నిమురుతూ, "బొమ్మ రాజేనమ్మా, ఊరుకో," అంది. ఆ పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఛైర్మన్ తిరిగి వచ్చేసరికి గుమ్మంలో పోటీ కంపెనీవాళ్ళు పంపిన పూలచక్రం ఉంది. దాని మీద తన పేరు ఉంది. ఉబ్బిన బుగ్గ పట్టుకుని ఆయన మెట్లెక్కాడు. నోట్లో దూది.

"నేనేనా పోయింది?" అన్నాడు.

అత్తగారు జరిగి చోటిచ్చింది. "ఇంకా ఎవరూ తేల్చలేదు నాయనా, నువ్వూ కూర్చో."

ఆ పైన అన్నీ ఒక్కసారే జరిగాయి. వెనకే మెట్లెక్కి వచ్చిన విలేకరి ఉబ్బిన బుగ్గకు ఫోటో తీసి పంపాడు. ఛైర్మన్ బతికే ఉన్నాడన్న కబురుకు షేరు పొద్దుటి ధర దాటి పైకి పోయింది. మేనేజరు అల్లుడుగారి చేతిలోని మైకు లాక్కున్నాడు.

"ఈయన్ని ఇప్పుడే ఇంటికి పంపించేస్తాను సార్."

"ముందు వినిపించండి," అన్నాడు ఛైర్మన్.

అల్లుడుగారు రికార్డయినదాన్ని మొదటి నుంచి పెట్టాడు. ఛైర్మన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తన సిబ్బంది తన కోసం ఇంతగా ఏడ్చారని తెలిసి ఆయన కళ్ళు చెమర్చాయి. అంతలో ఆ హోరు మధ్య నుంచి అకౌంటెంటుగారి గొంతు స్పష్టంగా, గుండె పగిలేలా వినబడింది: "అయ్యో, నిన్ననే అమ్మేసుంటే బాగుండేది కదరా భగవంతుడా!"

ఛైర్మన్ హెడ్‌ఫోన్లు తీసి అకౌంటెంటు వైపు చూశాడు. అకౌంటెంటు పైకప్పు వైపు చూశాడు. ఛైర్మన్‌కు నవ్వొచ్చింది, నవ్వితే పన్ను పీకినచోట సలిపింది, సలిపినా నవ్వు ఆగలేదు.

"ఇలాంటి ఏడుపు బయట ఎవడు అమ్ముతాడయ్యా? ఈయన ఉద్యోగం పర్మనెంటు చెయ్యండి."

"మరి ఆ ఒక్క మాట తీసెయ్యమంటారా సార్?" అన్నాడు అల్లుడుగారు, ప్రాణం లేచొచ్చి.

"ఉంచండి. ఆ రాజుకీ ఓ కోశాధికారి ఉండే ఉంటాడు."

ఆట విడుదలయ్యాక ఆడినవాళ్ళంతా మెచ్చుకున్నది కోశాధికారి దుఃఖాన్నే. అంతమంది ఏడుపులో అదొక్కటే మనస్ఫూర్తిగా ఉందట.