వెనక సీటుకి ఎయిర్‌బ్యాగెందుకు?

కారులో భద్రతకి విడిగా డబ్బు కట్టమనడం అన్యాయమని కొందరు గోల పెడుతున్నారు. నేను ఒప్పుకోను! ఇంట్లో ఎవరి ప్రాణం ఎంత ముఖ్యమో తీరిగ్గా కూర్చుని చర్చించుకునే భాగ్యం, కార్ల కంపెనీల దయ లేకపోతే మనకి ఎక్కడ దొరుకుతుంది?

మాకు మొన్న ఆదివారం దొరికింది. నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మా అమ్మాయి, మా అత్తగారు కలిసి షోరూముకి వెళ్లాం. సేల్స్‌మన్ చల్లటి నీళ్లిచ్చి, మేం తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు.

"ఎయిర్‌బ్యాగులు రెండు సార్. రెండూ ముందే. వెనకవాళ్లకి కూడా కావాలంటే సేఫ్టీ ప్యాక్ ఎక్స్‌ట్రా."

ఎంత చక్కటి ఏర్పాటు! ముందు కూర్చున్నవాళ్లు మనుషులు, వెనక కూర్చున్నవాళ్లు లగేజీ!

"నేనెలాగూ నెమ్మదిగానే నడుపుతాను. వెనకెందుకులే" అన్నాను.

"వెనక కూర్చునేది మా అమ్మ" అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

"నాన్నా, బ్రేకులు కూడా ఎక్స్‌ట్రానా?" అని అడిగింది అమ్మాయి.

"కాదమ్మా, ప్రస్తుతానికి ఫ్రీయే" అన్నాడు సేల్స్‌మన్. అతను నవ్వలేదు. నాకు భయమేసింది.

ఈలోగా మా అత్తగారు డెమో కారు వెనక సీటులోకి ఎక్కి కూర్చున్నారు. ముందు సీటుని రెండు చేతులా వాటేసుకుని, "నాకవన్నీ ఎందుకు బాబూ? ఇదిగో, ఇలా గట్టిగా పట్టుకుంటాగా!" అన్నారు.

నాకు ఖర్చు తగ్గించాలని ఆవిడ నిజంగానే సాధన చేస్తున్నారు. ఆ పట్టు చూశాక నా వాదన నీరుగారిపోయింది.

"వెనకవి కూడా వేసేయండి" అన్నాను.

"సేఫ్టీ ప్యాక్ ఒక్కటే ఇవ్వం సార్. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, పాటకి తగ్గట్టు రంగులు మారే లైట్లు ఉన్న మోడల్ తీసుకుంటేనే అది వస్తుంది."

"మాకు సన్‌రూఫ్ వద్దయ్యా!"

"అయితే ఎయిర్‌బ్యాగులు కూడా వద్దన్నట్టే సార్."

సంతకం పెట్టేశాను. ఇంకేం చేయను?

ఇప్పుడు చెప్పండి, ఆ కంపెనీవాళ్ల తెలివే తెలివి కాదూ? వెనక సీట్లో పెద్దావిడ ప్రాణం దక్కాలంటే ముందుగా కారు కప్పుకి కన్నం వేయాలని మీకూ నాకూ ఎన్నడైనా తోచిందా?