విజయ్ పాల్ గారి నకళ్ళు

గోదావరి నీళ్ళు ఏ చోట తియ్యదనం మానుకుని ఏ చోట ఉప్పదనం అందుకోవాలో తేల్చే అధికారం కార్యాలయానిదే కానీ నదిది కాదు. ఈ సంగతి నదికి ఇంతవరకూ లిఖితపూర్వకంగా తెలియజేయలేదు (ఫైలు నడుస్తోంది). ఇందుకోసం నరసాపురంలో మంచినీటి, ఉప్పునీటి సరిహద్దు పర్యవేక్షణ కార్యాలయం ఉంది. దానికి సామర్లకోటలో ఒక ఉపకార్యాలయం కూడా ఉంది. సామర్లకోటకు సముద్రం రాదు. రాలేదని నెలనెలా ధ్రువీకరించడానికే ఆ ఉపకార్యాలయం.

విజయ్ పాల్ నరసాపురం ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. కంప్యూటర్ల గురించి కొంచెం తెలుసు కాబట్టి కంప్యూటర్ల బాధ్యతంతా అతని నెత్తినే పడింది. భార్య మెర్సీ సామర్లకోటలో టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం ఆదివారం పూట, చర్చిలో ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం రైలుకీ మధ్య దొరికిన జాగాలో సాగుతోంది. మిగతా వారమంతా అతను అద్దె గదిలో ఒక్కడే కూచుని తనతో తను మాట్లాడుకునేవాడు. ఆ వాదనల్లో ఎక్కువసార్లు అవతలివాడే నెగ్గేవాడు.

ఇన్నేళ్ళకు భార్యాభర్తల కోటాలో అతనికి సామర్లకోట బదిలీ ఉత్తర్వు వచ్చింది. నెలాఖరులోగా రిలీవ్ కాకపోతే ఆ ఉత్తర్వు దానంతటదే రద్దయిపోతుంది. సరిగ్గా అదే వారంలో ఇంకో ఉత్తర్వు కూడా దిగింది. నెలాఖరుకల్లా ఆఫీసులోని ఇరవై రెండు ల్యాప్‌టాప్‌లలోనూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. లేకపోతే ‘జలసాక్షి’ పోర్టల్ తెరుచుకోదు. అది తెరుచుకోకపోతే ఎవరికీ హాజరు పడదు.

ఆఫీసరు శివరామకృష్ణ గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, మంచి జోడీ కుదిరిందన్నట్టు చూశారు.

“ల్యాప్‌టాప్‌ల పని కానిచ్చేసి హాయిగా వెళ్ళండి విజయ్ పాల్ గారూ. నేనేమన్నా వద్దంటానా?”

ల్యాప్‌టాప్‌లు వద్దన్నాయి. అన్నీ ఏనాటివో. ఏ దాంట్లో కొత్త సిస్టమ్ ఎక్కించబోయినా తెర మీద ఒకటే మాట వచ్చేది: ఈ కంప్యూటర్‌కు సపోర్ట్ లేదు.

శివరామకృష్ణ గారు కళ్ళజోడు సవరించుకుని చదివి జాలిపడ్డారు.

“పాపం. ఎవరి సపోర్టూ లేదా?”

“ఆ సపోర్టు కాదండి. ఇంత పాత మిషన్లని కంపెనీ వాళ్ళు ఒప్పుకోరండి.”

“నేను చెప్పేదీ అదేనండీ. ఒప్పుకోనివాణ్ణి ఒప్పించేదాన్నే కదా సపోర్టంటారు! ఎమ్మెల్యే గారి పీఏ మనకి తెలిసినాయనే. ఒక ఉత్తరం రాయించమంటారా?”

“ఇరవై రెండిటికీనా సార్?”

“ఒక్కదానికి రాయిద్దాం. మిగతావన్నీ దాని చుట్టాలని పెడదాం.”

విజయ్ పాల్ నవ్వబోయి ఆగాడు. దారి దొరికింది. తన ల్యాప్‌టాప్‌లో ఆ తనిఖీని ఎలాగోలా తప్పించి కొత్త సిస్టమ్ ఎక్కించాడు. ఆ ఒక్కదానికే పొద్దున్న మొదలుపెడితే సాయంత్రమైంది. ఒక్కొక్కటే ఇలా చేసుకుంటూ కూచుంటే నెలాఖరు వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని తన డిస్కును ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా తీసి, ఆ నకలునే మిగతావాటిలోకి దించేద్దామనుకున్నాడు. ఒక్కోదానికి టీ తాగినంతసేపు చాలు. చుట్టరికం కలపడం ఇంత తేలికని తెలియక జనం పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు.

ఇమేజ్ తీసే ముందు ఒక చిన్న పని ఉంటుంది. నకళ్ళన్నీ ఒకే పేరుతో పుట్టకుండా, అసలు కంప్యూటరు తానెవరో మరిచిపోయేట్టు చెయ్యాలి. తెర అడిగింది: ఈ కంప్యూటర్ గుర్తింపును తుడిచివేయాలా?

విజయ్ పాల్ వేలు గాలిలోనే నిలిచిపోయింది. ఇంటి ఓనరుకు అతను ‘పైగది ఆయన’. ఆఫీసులో ‘కంప్యూటర్ సీటు’. పొద్దున్నే అతని పేరును పూర్తిగా, తప్పుల్లేకుండా పలికేది ఆ తెర ఒక్కటే. ‘వద్దు’ మీద నొక్కాడు. తొందరలో పొరపాటున నొక్కానని తర్వాత సంజాయిషీ రాసిచ్చాడు. (ఆ ఉద్యోగంలో అతను రాసిన అబద్ధం అదొక్కటే. సంజాయిషీని మాత్రం యథాతథంగా ఆమోదించారు.)

మర్నాడు పొద్దున్న ఇరవై రెండు తెరలూ ఒకేసారి వెలిగి, ‘శుభోదయం, విజయ్ పాల్’ అన్నాయి. పక్కనే అతని ఫొటో. ఎప్పుడో మెర్సీ తీసింది. పోర్టల్ లెక్క ప్రకారం ఆ రోజు విజయ్ పాల్‌లు ఇరవై రెండు మంది వచ్చారు. ఇంకెవరూ రాలేదు.

ముందుగా అటెండరు సుబ్బాయమ్మ వచ్చింది. ఉత్తర్వు ప్రకారం ఆవిడకీ ఒక ల్యాప్‌టాప్ ఉంది.

“నేను రాలేదంటందేంటండీ ఇది? మరి పొద్దున్నే గదులన్నీ ఊడ్చిందెవరంట?”

“విజయ్ పాల్,” అన్నాడు విజయ్ పాల్ నీరసంగా.

“మీరెప్పుడు ఊడ్చారండీ!”

సీనియర్ అసిస్టెంటు రమేష్ బాబు కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. “ఇవాళ్టి నుంచి నేను విజయ్ పాల్‌నని మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పానయ్యా. ‘మంచిదేగా, ఆయన వంట ఆయనే చేసుకుంటారంట’ అంది.”

“ఒక్కరోజు టైమివ్వండి సార్, అన్నిటికీ ఎవరి పేర్లు వాళ్ళకి పెట్టేస్తాను,” అని విజయ్ పాల్ బతిమాలాడు. శివరామకృష్ణ గారు సరేననబోతుండగా రాజమండ్రి నుంచి హాజరు సమన్వయాధికారి ఫోన్ వచ్చింది. గడువుకు ముందే పని ముగించిన ఆఫీసు మీదొక్కటేనని ఆయన మెచ్చుకున్నారు. పైగా సిబ్బంది పేర్లలో ఇంతటి ఐకమత్యం తన సర్వీసులో చూడలేదన్నారు. సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది: పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు సిబ్బంది అందరూ శ్రీ విజయ్ పాల్‌గా పరిగణించబడతారు. పెళ్ళి, బాప్తిస్మం, తద్దినం వంటి వ్యక్తిగత అవసరాలకు సొంత పేరు వాడుకోవచ్చు.

ఆఫీసు బాగుపడింది. ఎవరు సీనియరన్న తగువు తీరిపోయింది, విజయ్ పాల్ విజయ్ పాల్‌తో ఎందుకు పోటీ పడతాడు? ఎవరు రాకపోయినా పక్కవాళ్ళు ఆ రానివాళ్ళ ల్యాప్‌టాప్ మూత తెరిస్తే సరిపోయేది. విజయ్ పాల్ మాత్రం బల్లల మధ్య నడిచినప్పుడల్లా ఇరవై రెండు చోట్ల నుంచి తనే తనను చూసి నవ్వడం గమనించాడు. మొదట గర్వపడ్డాడు. తర్వాత పోల్చి చూసుకున్నాడు. అవి నిట్టూర్చవు. శనివారం మధ్యాహ్నం నుంచీ గడియారం వైపు చూడవు. ఇంతకాలంగా తను కావాలని ప్రయత్నించి కాలేకపోయిన మనిషిగా అవి ఒక టీ తాగినంతసేపట్లో మారిపోయాయి.

నెలాఖరు రోజున శివరామకృష్ణ గారు పోర్టల్‌లో ‘రిలీవ్’ నొక్కారు. విజయ్ పాల్‌లలో ఎవరిని రిలీవ్ చేయాలి అని పోర్టల్ మర్యాదగా అడిగింది.

“నన్ను సార్.”

“మీరిందులో లేరండీ. ఇందులో ల్యాప్‌టాప్ నంబర్లున్నాయి.”

“అయితే నా ల్యాప్‌టాప్ నంబరు పెట్టండి!”

“ఎలా కుదురుతుందండీ? మీది అసలు. అసలును ఆఫీసు గడప దాటించకూడదు. నకళ్ళే పంపాలి. అది ఏ కాగితానికైనా ఉన్న రూలే.”

చివరికి ఎంపికను పోర్టల్‌కే వదిలేశారు. అది క్రమశిక్షణను బట్టి సుబ్బాయమ్మ ల్యాప్‌టాప్‌ను ఎంచుకుంది. ఇన్ని రోజుల్లో ఒక్క నిమిషం కూడా డ్యూటీ దిగని విజయ్ పాల్ ఆ ఒక్కడేనట. (దాన్ని ఆపే బటన్ ఎక్కడుందో సుబ్బాయమ్మకు ఎవరూ చెప్పలేదు.) వీడ్కోలు సభ జరిగింది. ల్యాప్‌టాప్‌కు శాలువా కప్పారు. రమేష్ బాబు మాట్లాడుతూ కళ్ళు తుడుచుకోడానికి రెండుసార్లు ఆగాడు. ఫొటో తీసేటప్పుడు అది జారకుండా పట్టుకోమని విజయ్ పాల్‌ను నిలబెట్టారు. తర్వాత డ్రైవరు సత్తిరాజు దాన్ని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి సామర్లకోట తీసుకెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం మెర్సీ ఫోన్ చేసింది.

“ఏవండీ, మీరిక్కడ జాయినయ్యారని, భార్యాభర్తల కోటా కదా అని ఆఫీసువాళ్ళు నాచేత సంతకం పెట్టించుకున్నారు. మామిడికాయ పప్పు చేసుకుని కూచున్నాను. ఇంకా రారేంటి?”

“నేను నరసాపురంలోనే ఉన్నాను మెర్సీ.”

“మరి ఇక్కడ జాయినయ్యిందెవరు?”

“నేనే.”

మెర్సీ మెల్లగా, “సంతకం పెట్టేటప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో చూశానండీ మిమ్మల్ని. నవ్వుతున్నారు. మీరలా నవ్వి ఎన్నాళ్ళయిందో,” అంది.

ఫోన్ పెట్టేశాక, లోకంలో మగవాళ్ళు ఎవరెవర్ని చూసి అసూయపడతారో విజయ్ పాల్ ఒకసారి మనసులో అనుకుని చూశాడు. తన ఫొటోను చూసి కుళ్ళుకున్నవాడు ఎవరూ తట్టలేదు. లేచి తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు.

“సార్, నా బదిలీ సంగతేంటండి?”

“అయిపోయిందిగా! జాయినింగ్ రిపోర్టు కూడా వచ్చేసింది.”

“నేను వెళ్ళలేదు కదండీ. ఇంకోసారి పెట్టుకుంటానండి.”

“భార్యాభర్తల కోటా సర్వీసు మొత్తానికి ఒక్కసారేనండీ. మీరు వాడేసుకున్నారు.”

విజయ్ పాల్ కదల్లేదు. ఇది అన్యాయమండి, అన్నాడు. ఆ మాట ఆ ఆఫీసులో అతను అనడం అదే మొదటిసారి.

శివరామకృష్ణ గారికి నిజంగానే జాలేసింది. లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, తలుపులోంచి హాలు వైపు చూపించారు. బల్లల మీద ల్యాప్‌టాప్‌లు వరసగా వెలుగుతున్నాయి.

“అటు చూడండి విజయ్ పాల్ గారూ. వాళ్ళకీ మెర్సీ గారే కదా భార్య. ఒక్కరన్నా నోరెత్తారా?”