వెనక్కి నడిచిన మరుగుదొడ్డి

ముద్రల శాఖ జిల్లా ఆఫీసు రెండో అంతస్తులో ఉన్న ఆడవాళ్ళ మరుగుదొడ్డి వారానికి వందేళ్ళ చొప్పున వెనక్కి పోతోందని సీనియర్ అసిస్టెంట్ హైమావతి కిందటేడు ఏప్రిల్లో కనిపెట్టింది. శనివారం దాకా ఉన్న ఫ్లష్ సోమవారానికి లేదు. దాని చోట ఒక తట్ట, గోడ అడుగున చిన్న కంత. ఆ కంతలోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి తట్ట లాక్కుపోయింది. హైమావతి గభాలున లేచి నిలబడింది.

ఆవిడ సూపరింటెండెంట్ కామేశానికి అర్జీ ఇచ్చింది.

"మరమ్మతైతే చేయించేవాణ్ణమ్మా. కాలం మారడం మరమ్మతు కిందికి రాదు" అన్నాడాయన.

"మరి మగవాళ్ళదో సార్?"

"అది ఈ శతాబ్దంలోనే ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

ఆ తర్వాత ఒక వారం ఎవరో రాజుగారి కోటగోడకి వేలాడే గది వచ్చింది. కిందికి చూస్తే కందకంలోంచి మొసళ్ళు పైకి చూస్తున్నాయి. హైమావతి ఆఫీసు వేళల్లో నీళ్ళు తాగడం మానేసింది. మూత్రంలో మంటకి మందిచ్చిన డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. ఫిబ్రవరిలో సింధులోయ నాటి ఇటుక కాలువ వచ్చింది. నీళ్ళు గలగలా పారుతుంటే మూడో అంతస్తు ఆడవాళ్ళు కూడా దిగొచ్చి వరస కట్టారు. ఇలాగే ఉంచెయ్యమని అందరూ సంతకాలు పెట్టి మహజరు ఇచ్చారు. అది పరిశీలనలో ఉండగానే కాలువ వెళ్ళిపోయింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం, ఇక ఆపుకోలేక, హైమావతి తలుపు తోసింది. గోడలు లేవు. తుమ్మ తుప్పలు, నడినెత్తిన ఎండ. తుప్పల మధ్య నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. చేతుల్లో ప్లాస్టిక్ సీసాలున్నాయి.

"మీరంతా ఏ కాలం వాళ్ళండీ?" అని భయంభయంగా అడిగింది.

"ఏ కాలమేంటమ్మా, ఎండాకాలం" అంది వాళ్ళలో పెద్దావిడ. "ఎదర చేపల మార్కెట్టు మాది. ఇయ్యి మీ ఆఫీసెనక తుప్పలేగా! ఇరవయ్యేళ్ళ నించీ ఇక్కడికే వత్తన్నాం."

హైమావతి చీర కుచ్చిళ్ళు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"కొత్తా? సిగ్గుపడమాక. మేం అడ్డం నిలబడతాం, కూకో."

నలుగురూ అటు తిరిగి కొంగులు పరిచి పట్టుకున్నారు. పని కానిచ్చుకుని లేచాక హైమావతి కూడా తన కొంగు విప్పి వాళ్ళ పక్కన నిలబడింది.

ఇప్పుడు కాపలా వంతుల్లో ఆవిడ పేరూ ఉంది. బుధవారం, శుక్రవారం ఆవిడవి.