పెట్టిన చోట నిలవని పిడి

ఆ ఆదివారం భీమేశ్వరరావు చేయదలచుకున్న పనులు మూడే. బాలానగర్‌లో తాను పనిచేసే ఫ్యాక్టరీ క్లబ్బుకు వెళ్ళి అక్కడి ఎలక్ట్రానిక్ ఆర్గన్ మీటలు కాస్త బిగించడం, మధ్యాహ్నం ఒక కునుకు తీయడం, సాయంత్రం ఆరింటికి క్లబ్బు వేదిక మీద భార్య పాటకు ఆ ఆర్గన్ వాయించి పద్నాలుగేళ్ళ పంతం నెగ్గించుకోవడం. మూడింటిలోకీ కునుకే కష్టమనుకున్నాడు.

ఆ పంతం పెళ్ళయిన మూడో రోజున పుట్టింది. పుణ్యవతి విజయనగరంలో గురువు దగ్గర కూర్చుని సంగీతం నేర్చుకున్న మనిషి. భీమేశ్వరరావు కాకినాడలో నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. పెట్టె ముందేసుకుని "ఏదీ, ఒక కీర్తన అందుకో" అంటే ఆవిడ నవ్వింది.

"మీ పెట్టెకు గమకం రాదండీ. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి గెంతుతుందే గాని, జారడం, ఊగడం దానికి తెలీదు. గమకం పలికే పెట్టె తెచ్చిన రోజున పాడతాను."

అన్నంత పనీ చేసింది. పద్నాలుగేళ్ళుగా వంటింట్లో కూనిరాగం తప్ప ఆయన చెవిన పడింది లేదు. పైకి ఎంత ధీమాగా తిరిగినా, పక్కింటివాళ్ళు "మీ ఆవిడ గొంతు బంగారమటగా" అన్నప్పుడల్లా ఆయనకు లోపల ముల్లు గుచ్చుకునేది.

ఇంతలో క్లబ్బుకు సింగపూరు నుంచి ఆర్గన్ వచ్చింది. బొత్తాం నొక్కితే డోలక్కూ డ్రమ్మూ వాటంతటవే మోగుతాయి. ఎడమచేతి పక్కన ఒక పిడి. మీట నొక్కిపెట్టి పిడిని ముందుకు తోస్తే స్వరం పైకి జారుతుంది, వెనక్కి లాగితే కిందికి జారుతుంది, వదిలేస్తే పిడి తనంతట తానే మధ్యకు వచ్చి స్వరం యథాస్థానానికి చేరుతుంది. భీమేశ్వరరావు నెల్లాళ్ళు సాధన చేశాడు. తోడి రాగంలో గాంధారం ఎలా ఊగాలో అలా ఊగింది. వెంటనే క్లబ్బు కార్యదర్శి పట్టాభిరామయ్యతో "మా ఆవిడ కచేరీ వేయించండి" అని, నోటీసు బోర్డు మీద కాగితం అంటింపించి, అప్పుడు ఇంటికి వచ్చి ఆవిడకు చెప్పాడు.

పుణ్యవతి షరతు పెట్టింది. "సరే, పాడతాను. కాని అపశ్రుతి పలికి పాట ఆగిపోయిందా, లేచి వచ్చేస్తాను. ఆ తరవాత ఈ జన్మలో నన్ను పాడమని అడక్కూడదు."

"జన్మ ఏవిటే, ఏడు జన్మలకి రాసుకో!" అన్నాడాయన.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కాని భీమేశ్వరరావు ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. తయారైన ప్రతి వస్తువునూ తిప్పి చూసి, ఎర్ర సిరాతో చీటీ రాసి కట్టడం ఆయన ఉద్యోగం. లోపం లేదని రాసిన చీటీ ఒక్కటీ లేదని కార్మికులు చెప్పుకునేవారు. ఆర్గన్‌లోనూ ఆయనకు రెండు లోపాలు దొరికాయి. హార్మోనియం మీద ఆరితేరిన వేళ్ళకు ఆ మీటలు మరీ తేలిక, ఒకటి నొక్కబోతే రెండు మోగేవి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన తప్పంతా మీటలదేనని తేల్చాడు. రెండో లోపం పిడిది.

ఆదివారం పొద్దున ఫిట్టరు నర్సింహ నిజాంపేట నుంచి సైకిలు మీద వచ్చాడు. బిగించమంటే బండరాయినైనా బిగించగల చెయ్యి అతనిది. ఆర్గన్ మూత విప్పి లోపలి స్ప్రింగును గోటితో మీటి చూశాడు.

"గిదేం స్ప్రింగు సార్? ఈగ వాలినా వంగుతది. మన ప్రెస్సు మిషన్ల స్ప్రింగులున్నయి, ముక్కలు కోసి ఏస్త. ఇగ పదేండ్ల దాక ఫికర్ లేదు."

"వెయ్యి. మరి ఈ పిడి చూడు, తోస్తే మళ్ళీ వెనక్కొచ్చేస్తోంది."

నర్సింహ నాలుగుసార్లు తోసి చూశాడు. "పెట్టిన కాడ నిలవని పిడి ఏం పిడి సార్? లేతు మిషన్‌కు గిట్లనే ఉంటె మీరు చీటీ రాయరా?"

"రాస్తాను. ఎర్ర సిరాతో రాస్తాను!"

ఇద్దరికీ పని తెలుసు, పనిముట్లు తెలుసు, సంగీతయంత్రం సంగతి మాత్రం ఇద్దరికీ సమానంగా తెలియదు. పిడిని మధ్యకు లాగే స్ప్రింగు పీకేసి, పైన ఒక గాడి, కింద ఒక గాడి, మధ్యలో ఒక గాడి కోసి, ఇనుప గోళీ కూర్చారు. మధ్య గాడికి వచ్చేసరికి వేళ మించిపోయి అది లోతు చాలలేదు, కాస్త కదిపితే పిడి అక్కణ్ణుంచి జారిపోతుంది. ఆదివారం మరమ్మతులని ఫ్యాక్టరీకీ క్లబ్బుకూ అయిదున్నర దాకా కరెంటు తీసేశారు, మోగించి చూసే వీలు లేదు. భీమేశ్వరరావు పిడిని టక్కున పైకీ టక్కున కిందికీ వేసి చూసి, చేతికి ఎంత హాయిగా ఉందోనని మురిసిపోయాడు. కునుకు సంగతి మరిచేపోయాడు.

ఇంటికి వెళ్తే పుణ్యవతి పట్టుచీర కట్టుకుని, గవిసెనలోంచి తంబురా తీస్తోంది.

"కరెంటు వాద్యం ఉండగా తంబురా ఏవిటే? నలుగురూ నవ్వుతారు. లోపల పెట్టెయ్."

ఆవిడ దాన్ని మళ్ళీ గవిసెనలో దూర్చి మూల పెట్టేసింది.

హాలు నిండిపోయింది. ముందు వరసలో జనరల్ మేనేజరు కామేశ్వరరావు, పక్కన సంగీతం తెలుసునని పేరుపడ్డ రిటైర్డు హెడ్మాస్టరు వెంకటరామయ్య. పుణ్యవతి మెల్లగా "అయిదు శ్రుతి ఇవ్వండి" అంది. భీమేశ్వరరావు షడ్జం మీట నొక్కాడు. మీట కదల్లేదు. రెండు వేళ్ళతో నొక్కాడు, లాభం లేదు. ఆఖరికి రెండు బొటనవేళ్ళూ కలిపి, పళ్ళు బిగించి తొక్కితే మోగింది. ఆ ఊపులో మోచెయ్యి బొత్తానికి తగిలి డ్రమ్ములు దడదడా మొదలయ్యాయి. వెనక వరసలో పిల్లలు లేచి గంతులేశారు. ఆయన తడుముకుని బొత్తాం ఆపేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

పుణ్యవతి ఒకసారి చూసి తోడి అందుకుంది. గాంధారం వచ్చింది. భీమేశ్వరరావు నెల్లాళ్ళుగా ఎదురుచూసిన క్షణం. కుడి అరచేత్తో మీట మీద బరువంతా వేసి, ఎడమచేత్తో పిడిని ముందుకు తోశాడు. టక్. స్వరం పైకి వెళ్ళి, వెళ్ళినచోటే నిలబడింది. పెట్టిన చోట నిలిచే పిడి కదా!

పుణ్యవతి తొట్రుపడలేదు. ఆయన తనను పరీక్షిస్తున్నాడనుకుని, ఆ పై శ్రుతికే గొంతు చేర్చి అల్లుకుపోయింది. ఆయన కంగారుగా వెనక్కి లాగితే పిడి మధ్యలో ఆగకుండా కింది గాడిలో పడింది. ఆవిడా కిందికి దిగింది. మళ్ళీ పైకి తోశాడు, ఆవిడా మళ్ళీ ఎక్కింది.

"ఆహా! గ్రహభేదం! షడ్జాన్నే మార్చి పాడుతోంది! ఎంత విద్య!" అని వెంకటరామయ్య తొడ చరిచాడు. ఆయన చరిచాడని మేనేజరు చప్పట్లు కొట్టాడు. మేనేజరు కొట్టాడని హాలంతా కొట్టింది.

పుణ్యవతి మాత్రం చప్పట్ల చాటున పక్కకు వంగి, "పరీక్షలు చాలు. ఇంకోసారి శ్రుతి కదిలితే లేస్తాను" అంది. భీమేశ్వరరావు పద్నాలుగేళ్ళు ఎదురుచూసింది గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకుని పోగొట్టుకోవడానికా? పిడిని బలవంతంగా మధ్యకు తెచ్చి, ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేతి పిడికిలితో షడ్జం మీద ఒక్క గుద్దు గుద్దాడు. లోపల స్ప్రింగు మెలికపడి మీట దిగబడిపోయింది. పైకి రాదు, మోత ఆగదు.

తెర చాటునుంచి నర్సింహ స్క్రూడ్రైవరుతో పరుగెత్తుకొచ్చాడు. "పరేషాన్ కాకుండ్రి సార్, ఒక్క నిమిషంల పీకేస్త!"

"ముట్టుకోకు!" అంది పుణ్యవతి. నర్సింహ ఉన్నచోటే ఆగిపోయాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ మోతను విన్నది. సన్నగా, నిండుగా, తెగకుండా ఒకే షడ్జం.

"ఇంత నిలకడ మా తంబురాకు కూడా లేదండీ. మీరింకేమీ వాయించకండి. ఆ పిడిని మాత్రం కదలకుండా పట్టుకోండి. చెయ్యి వదిలారో, లేచిపోతాను."

భీమేశ్వరరావు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ గంటా ఇరవై నిమిషాలు పాడింది. ఆయనకు ముక్కు దురద పుట్టింది, గోక్కోలేదు. దోమ కుట్టింది, తోలలేదు. కాసేపటికి దురదా దోమా కూడా గుర్తులేవు. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ తాను విననిది ఇదా అనుకుంటే దుఃఖం వచ్చింది, దాని వెనకే చెప్పలేనంత సంతోషమూ వచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

కచేరీ అయ్యాక కామేశ్వరరావు వేదిక ఎక్కి ఆయన భుజం తట్టాడు. "ఎంత సంయమనమండీ! పక్కవాద్యమంటే అలా ఉండాలి. ఒక్క స్వరం ఎక్కువ వాయిస్తే ఒట్టు!"

ఇంటికి నడుస్తూ పుణ్యవతి అంది: "పెళ్ళయ్యాక మీరు శ్రుతిలో ఉండటం ఇవాళే చూశాను."

"మరి మళ్ళీ పాడతావా?"

"మీరు పట్టుకుంటానంటే."

వారం తిరక్కుండానే సనత్‌నగర్ నుంచి కచేరీకి పిలుపొచ్చింది. అది విని నర్సింహ ఆకురాయి పట్టుకుని క్లబ్బుకు వచ్చాడు. "నడిమి గాడి జర లోతు కోస్త సార్. పిడి దానంతట అదే నిలుస్తది. మీరు పట్టుకోని కూసునే పనే ఉండది."

భీమేశ్వరరావు ఆర్గన్‌కు అడ్డంగా నిలబడి జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీశాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారిగా చీటీ మీద 'పరీక్షించితిని, ఏ లోపమూ లేదు' అని రాసి పిడికి కట్టాడు.