ఆపిల్ గోతులు

ఆ ఉదయం ప్రద్యుమ్నరావు పెట్టుకున్న పని చిన్నదే. ఊరి శివారు అంకులి దాటాక ఉన్న తండ్రిగారి స్థలంలో ఆపిల్ మొక్కలకు గోతులు తవ్వించి, వాటిని ఎండకు వదిలేసి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఎండకు తట్టుకునే ఆపిల్ రకం ఒకటి ఉందని ఫోనులో చూసినప్పటి నుంచి ఆయనకు మట్టి తప్ప వేరే మాట లేదు. బరంపురంలో అద్దె ఇళ్ళు మారుతూనే ఉద్యోగం ముగించాడు. భార్య పుణ్యవతి సొంత ఇల్లు అన్నప్పుడల్లా "సూద్దాం" అనేవాడు. ఆపిల్ విషయంలో మాత్రం ఆ చూడడం ఒక్క పూటలో అయిపోయింది.

"సెట్టుకి ఇంత లోతేటి బాబూ?" అన్నాడు కూలి మసేను.

"అంతే. పైమన్ను ఒక పక్క, అడుగుమన్ను ఒక పక్క పొయ్యి. ఎండకి పురుగు సావాల."

సున్నంపొడితో గీతలు గీయించి, వరస తప్పకుండా నలుచదరపు గోతులకు గుర్తులు పెట్టించాడు. మసేను గునపం ఎత్తగానే పుణ్యవతి ఆపింది. ఈశాన్యం మూలే ముందు తవ్వాలంది. సంచిలోంచి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తీసింది.

"ఇది తోటే, ఇల్లు కాదు."

"తెలుసునెండి. బూమి తవ్వితే కాయ కొట్టే యోగం నాకెప్పుడొచ్చింది గనక?"

మొదటి గోతిలో నవధాన్యాలు చల్లి, ఒక రాయికి పసుపు రాసి నిలబెట్టింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

దారిన పోతున్న పక్కింటి బేబీ స్కూటీ ఆపింది. సున్నం గీతలు, చదరపు గోతులు, ఈశాన్యాన కొబ్బరి చిప్పలు చూసింది.

"మౌసీ! పిల్లర్లు లేపేస్తన్నారా? మాకు ఒక్క ముక్క సెప్పనేదేటి?"

కాదని చెప్పబోయిన పుణ్యవతి నోట వేరే మాట వచ్చింది. "ఒంటగది తూరుపేపు. పెద్ద కిటికీ పెట్టాల."

సాయంత్రానికి ఆ కిటికీ వీధంతా తిరిగింది. మర్నాడు ఇంటి యజమాని వచ్చి, ఖాళీ చేస్తున్నందుకు సంతోషం తెలిపి, ఇల్లు వేరేవాళ్ళకు మాటిచ్చేశానన్నాడు. ఆ వెనకే, కబురు అంది, భంజనగర్ నుంచి తమ్ముడు శ్రీను, భార్య సాయిపద్మతోనూ భూమి కొలిచే అమీనుతోనూ దిగాడు. అందరూ స్థలం దగ్గరికి వెళ్ళారు.

"పంచని బూమిలో నాకు సెప్పకుండా ఇల్లు కడతన్నావేటి అన్నియ్యా?"

"ఇల్లు కాదురా సీనూ. ఆపిల్ గోతులు."

"ఈ ఎండకి మనుసులే ఉడికిపోతన్నారు, ఆపిలంట!"

సాయిపద్మ కొబ్బరి చిప్పను కాలితో తిప్పింది. "సెట్టుకి శంకుస్థాపన సేసినోల్లని ఇక్కడే సూస్తన్నాను. ఒంటగది తూరుపేపని బేబీతో అన్నది నువ్వు కాదేటక్కా?"

పుణ్యవతి వంగి ఆ చిప్పను తీసి పసుపు రాయి పక్కన పెట్టింది.

"ఒంటగదేటే?" అన్నాడు ప్రద్యుమ్నరావు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన అడగడం అదే మొదలు. ఆమె జవాబు చెప్పేలోపే తమ్ముడి వైపు తిరిగి అరిచాడు. "నాను అబద్దం ఆడతానా? నీకు ఏ ముక్క కావాలో అదే తీసుకో. పో!"

"సీనూ, మీ అన్నియ్య కోపంలో అన్నారు..." అంది పుణ్యవతి.

"మాట మాటే ఒదినా" అని శ్రీను అమీనుకు రోడ్డు పక్క చూపించాడు. గోతులు అతని వాటాకు వెళ్ళాయి. అన్నగారికి వెనక పల్లం మిగిలింది. వాన పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిచే చోట ఆపిల్ వేరు కుళ్ళిపోతుందని మర్నాడు ఆయనే భార్యకు వివరంగా చెప్పాడు, సామాన్లు ఇంకో అద్దె ఇంటికి మోయిస్తూ.

శ్రీను ఎక్కువ తవ్వించవలసిన పని లేకపోయింది. అన్న తవ్వించిన గోతులనే ఇంకాస్త లోతు చేసి స్తంభాలు లేపాడు. ఈశాన్యాన పసుపు రాయిని కదపలేదు, ముహూర్తం మంచిదని.

గృహప్రవేశం రోజు పుణ్యవతి ఇల్లంతా తిరిగి వంటగదిలో ఆగిపోయింది. తూర్పువైపే. పెద్ద కిటికీ.

"నువ్వన్నట్టే పెట్టించేనక్కా, బాగుంది కదా?" అంటూ సాయిపద్మ జాకెట్టు ముక్క మీద ఒక ఆపిల్ పండు పెట్టి ఆమె చేతికిచ్చింది.

ప్రద్యుమ్నరావు ఆ పండు తీసుకుని, కిటికీ వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇది సలి రకం," అన్నాడు. "మన మట్టికి పనికిరాదు."